ప్రోటాను కిరణముల పుట్టుపూర్వోత్తరములు

నదీమూలము, ఋషిమూలము విచారింపరాదని మనలో ఒక సామెత కలదు. ఋషుల విషయమున ఆ మాట మర్యాదగా ఉండవచ్చును. విద్యావిషయమున దానిని పాటించితిమేని మనకు ఆశ్చర్యము మిగులునుగాని జ్ఞానము మిగులదు.

జెనీవా నగరసమీపమున, భూగర్భములో, 27 కిలోమీటర్ల చుట్టుకొలతగల సొరంగమొకటి కలదు. అందు నిర్మించిన మహాయంత్రములో 2008వ సంవత్సరమున మొదటిసారి ప్రోటానుల కిరణమును త్రిప్పిరి. ఆ యంత్రమును గూర్చి పత్రికలలో చదివినవారు దాని పొడవును చెప్పగలరు. దానికైన వ్యయమును చెప్పగలరు. కాని అందు తిరుగు ప్రోటానులు ఎక్కడనుండి వచ్చినవి? వానిని ఏ పాత్రలో, ఏ విధమున సిద్ధపఱచిరి? ఈ ప్రశ్న వేసినచో విద్యావంతులును తడబడుదురు. ధవళేశ్వరమువద్ద నిలిచి గోదావరిని చూచువానికి త్ర్యంబకము తలపునకు రాకపోవుట వంటిదే ఇది. ఆ మహాచక్రమునకు త్ర్యంబకము ఒక చిన్న ఉదజని సీసా. ఆ సీసాకును, ఆ చక్రమునకును నడుమ నూటముప్పది యేండ్లకు పైబడిన చరిత్ర యున్నది. దానిని కొంత వివరించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

మొదట ఆ పదార్థము ఎంత స్వల్పమో తెలిసికొందము. ఆ చక్రమును రూపొందించినవారు ఒక్కొక్క దిశలో 2,808 గుంపుల ప్రోటానులు తిరుగవలెనని, గుంపునకు సుమారు 11,500 కోట్ల ప్రోటానులు ఉండవలెనని లెక్కవేసిరి. ఈ సంఖ్యలను వినినప్పుడు గుండె బెదరును. అయినను ఒక దిశలోని ఆ ప్రోటానులన్నింటిని ఒకచోట కూర్చి తూచినచో వాని బరువు ఒక గ్రాములో నూఱుకోట్లవ వంతునందు సగము మాత్రమే. కంటికి కనబడని ఆ రవ్వకొఱకు కొండంత యంత్రము పనిచేయుచున్నది.

ఇక ప్రోటాను సంగతి. వాయువులన్నింటిలో తేలికయైనది ఉదజని. దాని పరమాణువులో నడుమ ఒక ప్రోటాను, దానిని ఆశ్రయించి ఒక ఎలక్ట్రాను ఉండును. ప్రోటానునందు ధనవిద్యుత్తు, ఎలక్ట్రానునందు అంతే ఋణవిద్యుత్తు ఉండుటచే పరమాణువు మొత్తముమీద ఉదాసీనముగా ఉండును. ఉదాసీనమైనదానిని విద్యుచ్ఛక్తి లాగలేదు, తోయలేదు. ఎలక్ట్రానును ఊడదీసినచో మిగిలిన ప్రోటాను విద్యుచ్ఛక్తికి లోబడును. ఇట్లు ఎలక్ట్రానులు తఱిగియో పెరిగియో విద్యుత్తు వహించిన పరమాణువునకు అయాను అని పేరు. ఉదజని ఎలక్ట్రానును ఊడదీయుటకు 13.6 వోల్టుల తోపు చాలును. చేతిదీపములలో వాడు 1.5 వోల్టుల బ్యాటరీలు పదింటిని వరుసగా కలిపిన అంతకు మించిన తోపు లభించును. పని ఇంత సులభమైనచో చరిత్ర యెందులకని అడుగవచ్చును. ఒక పరమాణువును విడదీయుట సులభము. కోటానుకోట్ల ప్రోటానులను ఒకే దిక్కునకు, ఒకే వేగముతో, సన్నని ధారగా తీయుట కష్టము. ఆ కష్టమే ఈ చరిత్ర.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఐరోపాఖండములోని శాస్త్రజ్ఞులు గాజునాళములలోని గాలిని పంపులతో తీసివేసి, మిగిలిన పలుచని వాయువులో విద్యుత్తును ప్రవహింపజేసి, పుట్టిన వెలుగులను పరిశీలించుచుండిరి. ఋణధ్రువమగు కాథోడునుండి వెలువడి ఎదుటి గాజుపై పచ్చని కాంతి కలిగించు కిరణములే అందఱి దృష్టిని ఆకర్షించినవి. బెర్లినులో పనిచేయుచున్న ఔజెన్ గోల్డ్‌స్టైన్ 1886లో కాథోడు పలకకు రంధ్రములు పొడిచి, అందఱును చూచు ముందువైపు విడిచి, వెనుకవైపు చూచెను. ఆ రంధ్రములగుండా వెనుకకు మఱియొక జాతి కిరణములు దూసికొని వచ్చుచుండెను. నాళములోని వాయువును మార్చినచో వాని రంగును మారుచుండెను. కాలువలవంటి రంధ్రములనుండి వచ్చినవి గావున వానికి తన జర్మను భాషలో 'కాలువ కిరణములు' అని అర్థమిచ్చు పేరు పెట్టెను. నేడు లోకమున పనిచేయుచున్న అయాను యంత్రములన్నింటికి వంశకర్త ఆ తూట్ల పలకయే.

ఆ కిరణములు ఏమో తేలుటకు పండ్రెండేండ్లు పట్టెను. ఎలక్ట్రానులను వంచునట్టి సామాన్యపు అయస్కాంతము వానిని కదల్పలేకపోయెను. 1898లో విల్‌హెల్మ్ వీన్ మిగుల బలమైన అయస్కాంతమును, విద్యుత్క్షేత్రమును ప్రయోగించి వానిని వంచెను. వంగిన దిక్కునుబట్టి అవి ధనవిద్యుత్తు గలవనియు, వంపు స్వల్పమగుటనుబట్టి ఎలక్ట్రానులకంటె మిక్కిలి బరువైనవనియు తెలిసెను. వాయుపరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోయి, ధనకణములై, కాథోడుచే ఆకర్షింపబడి, ఆ వేగముతో రంధ్రములను దాటిపోవుచున్నవన్నమాట. పిమ్మట కేంబ్రిడ్జిలో జె. జె. థాంసన్ ఈ కిరణములను అయస్కాంతముచే వేఱుపఱచి ఛాయాపటములు తీసెను. 1913 ప్రాంతమున నియాను వాయువులో 20, 22 అను రెండు బరువుల పరమాణువులు కలవని ఆ పటములే చూపినవి. ఒకే మూలకమున భిన్నమైన బరువుల పరమాణువులు ఉండునను సత్యము ఇట్లు కాలువ కిరణములనుండి వెలువడెను.

ఇదంతయు కణాదమహర్షి ఎన్నడో చెప్పినదే యని మనలో కొందఱు చప్పట్లు కొట్టుచుందురు. వారికి ఒక్క మాట చెప్పవలసియున్నది. వైశేషికులు చెప్పిన పరమాణువు నిత్యము, నిరవయవము. విభాగమునకు అంతులేదన్నచో ఆవగింజకును మేరుపర్వతమునకును పరిమాణభేదము చెప్పజాలమని వారు వాదించిరి. అది చక్కని తర్కము. అట్టి తర్కము చేసిన జాతికి సిగ్గుపడవలసిన పనిలేదు. కాని గోల్డ్‌స్టైన్ నాళములో పరమాణువు తన అవయవమును కోల్పోయినది. తర్కము నిరవయవమన్నదానిని పరీక్ష సావయవముగా చూపినది. ఈ రెండింటిని ఒకటియనుట కణాదునకు గౌరవము కాదు, థాంసనునకు న్యాయము కాదు. కణాదునియందు నిజముగా గౌరవము గలవాడు ఆయనవలె ప్రశ్నించును. ఆయనకు లేని పరికరములు తనకు కలవు గావున పరీక్షించియు చూచును.

ఈ కిరణములతో పరమాణుగర్భమును భేదింపవచ్చునను తలపు తరువాతి తరమువారిది. 1919లో రూథర్‌ఫర్డ్ రేడియోధార్మిక పదార్థమునుండి సహజముగా వెలువడు ఆల్ఫాకణములతో నత్రజని కేంద్రకమును కొట్టి అందుండి ఉదజని కేంద్రకమును వెలికి రప్పించెను. మఱుసటి యేట దానికి ప్రోటాను అను పేరు స్థిరపడెను. కాని ప్రకృతి ఇచ్చు ఆల్ఫాకణములు స్వల్పము; వాని వేగము మన చేతిలో లేదు. మనుష్యుడే పుష్కలముగా కణములను పుట్టించి, వేగము నొసగి, ప్రయోగింపగలిగిన బాగుండునని రూథర్‌ఫర్డ్ 1927లో రాయల్ సొసైటీ సభలో అభిలషించెను. మఱుసటి యేట గామోవ్ ఒక లెక్కవేసి, అనుకొన్నంత శక్తి లేకున్నను కణములు కొన్ని కేంద్రకపు గోడను దాటి పోగలవని చూపెను. ఆ లెక్కను నమ్మి కాక్రాఫ్ట్, వాల్టన్ అను ఇరువురు యువకులు కేంబ్రిడ్జిలో యంత్రమును కట్టసాగిరి.

వారి యంత్రము శిఖరమున నుండినది ఒక కాలువ కిరణ నాళమే. గోల్డ్‌స్టైన్ నాళమువంటిదానిలో ఉదజనిని నింపి, ప్రోటానులను పుట్టించి, నిలువుగా నిలిపిన గాజుగొట్టములోనికి జాఱవిడిచి, లక్షల వోల్టుల తోపుతో క్రిందికి దింపిరి. గాలి చొరకుండ అతుకులను పిల్లలు బొమ్మలు చేయు ప్లాస్టిసీను ముద్దతో మూసిరి. 1932 ఏప్రిలు 14వ తేదీన వాల్టన్ గొట్టము క్రింది చిన్న గదిలో కూర్చుండి, లిథియము లోహముపై ప్రోటానులు పడుచుండగా, తెరపై మిణుకులను చూచెను. లిథియము కేంద్రకము రెండు ఆల్ఫాకణములుగా చీలుచుండెను. 1,25,000 వోల్టులవద్దనే ఈ మిణుకులు కనబడ మొదలిడెనని వారు ప్రకటించిరి. మనుష్యుడు తాను పుట్టించిన కిరణముతో కేంద్రకమును భేదించుట అదియే ప్రథమము. 1951లో వారికి నోబెలు బహుమానము లభించెను.

అదే కాలమున అమెరికాలోని బర్క్‌లీలో లారెన్స్ మఱియొక త్రోవ త్రొక్కెను. ఒకే పెద్ద తోపునకు బదులు చిన్న తోపులను పెక్కుమార్లు ఇచ్చుట ఆయన ఉపాయము. అయానును అయస్కాంతముచే గుండ్రముగా త్రిప్పి, అర్ధచక్రము తిరిగినప్పుడెల్ల ఒక తోపు తోసినచో అది వేగము పెంచుకొనుచు వెలుపలి వలయములకు పోవును. 1931లో ఆయనయు, లివింగ్‌స్టన్ అను శిష్యుడును నాలుగున్నర అంగుళముల పాత్రలో, 2,000 వోల్టులకు లోపు తోపుతోనే, 80,000 వోల్టుల తోపునకు సమమైన శక్తిని అయానులకు ఇచ్చిరి. మఱుసటి యేట 11 అంగుళముల యంత్రములో ప్రోటానులకు పదిలక్షల వోల్టులకు మించిన శక్తి లభించెను. దీనికే సైక్లోట్రాన్ అని పేరు. ఆ మొదటి సైక్లోట్రానులో అయానులను పుట్టించుటకు వేఱు నాళము లేదు. పాత్రలోనికి కొలదిగా ఉదజనిని వదలి, నడుమ ఒక తీగను ఎఱ్ఱగా కాల్చిరి. వేడి తీగనుండి ఎలక్ట్రానులు వెలువడి వాయువును ఢీకొని అయానులను పుట్టించెను. కాని పాత్రయంతటను వాయువున్నచో తిరుగుచున్న అయానులు దానినే ఢీకొని చెదరిపోవును. పుట్టుటకు వాయువు కావలెను, పయనించుటకు శూన్యము కావలెను. ఈ రెండు పరస్పరవిరుద్ధములైన అవసరములను పొందుపఱచుటయే అయానుమూలములు నిర్మించువారి నిత్యసమస్య.

దీనికి హాలండులోని ఫిలిప్సు ప్రయోగశాలలో పనిచేయుచున్న పెన్నింగ్ 1937 ప్రాంతమున ఒక పరిష్కారము చూపెను. ఎదురెదురుగా రెండు ఋణపలకలు, వాని నడుమ ఒక ధనవలయము, వీని వెంబడి ఒక అయస్కాంతక్షేత్రము. ఎలక్ట్రాను ఒక పలకనుండి వెలువడి ఎదుటి పలకవైపు పోవును. అది వెనుకకు తోయును. మరల మొదటి పలకయు తోయును. ప్రక్కకు పోయి ధనవలయమును చేరుదమన్న అయస్కాంతము పోనీయదు. ఇట్లు మగ్గములోని నాడెవలె అటునిటు తిరుగుచు ఒక్కొక్క ఎలక్ట్రాను పెక్కు పరమాణువులను విడదీయును. అందుచే వాయువు మిక్కిలి తక్కువయైనను అయానులు సమృద్ధిగా పుట్టును. ఈ పద్ధతి సైక్లోట్రానుల నడుమ నేటికిని వాడుకలో నున్నది.

శూన్యమును గూర్చి చెప్పునప్పుడు మన దేశపు కథ యొకటి స్మరింపదగియున్నది. వాయువులు ఎంత వేడిమికి, ఎంత పీడనమునకు ఎంతపాలు అయానులగునో తెలుపు సూత్రమును 1920లో లోకమునకిచ్చినది మేఘనాథ సాహా. నక్షత్రములకు చెప్పిన ఆ సూత్రముతోనే తృప్తిపడక ఆయన కలకత్తాలో సైక్లోట్రానును నెలకొల్పదలచెను. ఆయన శిష్యుడు నాగ్ చౌధురి బర్క్‌లీలో లారెన్సువద్ద విద్య నేర్చి వచ్చెను. యంత్రభాగములు కొన్ని చేరెను. కాని శూన్యపంపులను తెచ్చుచున్న ఓడను యుద్ధములో జపానువారు ముంచివేసిరి. అయస్కాంతమున్నను పంపులేనిచో సైక్లోట్రాను ఇనుపముద్దయే. కలకత్తావారు ఆ పంపులను తామే చేసికొనుటకు పూనుకొనవలసివచ్చెను. చక్రములోని సీల యెంత చిన్నదైనను అది లేనిదే బండి కదలదని అప్పుడు మన దేశము ఖరీదిచ్చి నేర్చుకొనెను. 1977లో అదే కలకత్తాలో, భారతీయులే నిర్మించిన మఱియొక పెద్ద సైక్లోట్రానునుండి కిరణము వెలువడెను.

ఆ శూన్యవిద్యలోనే ఆంధ్రుడొకడు ప్రసిద్ధికెక్కెను. పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో జన్మించిన స్వామి జ్ఞానానంద సన్న్యసించి, హిమాలయములలో తపస్సు చేసి, పిమ్మట ఐరోపాకు పోయి భౌతికశాస్త్రము నభ్యసించెను. న్యూట్రానును కనుగొన్న చాడ్విక్‌వద్ద లివర్‌పూలులో పరిశోధన చేసెను. అధికశూన్యమును కల్పించుట, కొలుచుట అను విషయములపై ఆయన ఆంగ్లమున రచించిన గ్రంథము 1947లో అమెరికాలో వెలువడెను. తరువాత ఆయన విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో అణుభౌతికశాస్త్రశాఖను నెలకొల్పెను. శూన్యమనగానే వేదాంతచర్చకు దిగు మన దేశమున, కాషాయము ధరించిన ఒక సన్న్యాసి పంపులను, నాళములను, అతుకులను గూర్చి గ్రంథము వ్రాయుట సామాన్యవిషయము కాదు. ఆయన పేరు మన పిల్లలలో ఎందఱికి తెలియును?

యుద్ధానంతరము యంత్రములు పెరిగెను. వానికి తగినంత దట్టమైన కిరణమునకై జర్మనీలో మాన్‌ఫ్రెడ్ ఫాన్ ఆర్డెన్ 1956లో డ్యువోప్లాస్మట్రాన్ అను మూలమును ప్రకటించెను. పరమాణువులు విడివడి ధనకణములు, ఎలక్ట్రానులు కలగలిసియున్న వాయుస్థితికి ప్లాస్మా యని పేరు. ఆ ప్లాస్మాను మొదట గరాటువంటి లోహపు మూతిచేతను, పిదప అయస్కాంతముచేతను రెండుమార్లు పిండి, సన్నని రంధ్రమునుండి ప్రోటానులను లాగుదురు. జెనీవాలో 1978 మొదలు 2018 వఱకు నలువది యేండ్లు ప్రోటానులను పుట్టించిన మూలము ఈ జాతిదే.

దాని స్థానమున 2020లో వచ్చినది మఱియు చిత్రమైనది. అందు ప్రోటానునకు బదులు, ఒక ఎలక్ట్రాను అధికముగా చేరిన ఉదజని ఋణాయానును పుట్టింతురు. ఎలక్ట్రానును ఊడదీయవలసినచోట ఇంకొకటి చేర్చుట యేలయని సందేహము కలుగును. దాని రహస్యమిది. చక్రములో ఇదివఱకే ప్రోటానులు తిరుగుచున్నప్పుడు అదే దారిలో క్రొత్త ప్రోటానులను చేర్పబోయినచో, క్రొత్తవానిని దారిలో పెట్టు తోపే పాతవానిని దారి తప్పించును. ఋణాయాను అయస్కాంతములో ప్రోటానునకు ఎదురు దిక్కునకు వంగును గావున రెండింటిని ఒక దారికి తేవచ్చును. అచ్చట పలుచని బొగ్గుపొర అడ్డముంచినచో ఋణాయాను తన రెండు ఎలక్ట్రానులను అందు విడిచి, ప్రోటానై పాతవానిలో కలిసిపోవును. రష్యాలోని నొవొసిబిర్స్క్‌లో బుడ్కర్, డిమోవ్ మొదలగువారు 1960 దశకమున ఈ ఉపాయమును చేసి చూపిరి. 1971లో అచ్చటనే డుడ్నికోవ్ అను పరిశోధకుడు మూలములో కొంచెము సీజియము కలిపినచో ఋణాయానులు బహుళముగా పెరుగునని కనుగొనెను. సీజియము పూసిన లోహము ఎలక్ట్రానులను సులభముగా విడుచుటయే అందుకు హేతువు.

బరువైన మూలకముల కథ వేఱు. ఉదజనికి ఊడదీయవలసిన ఎలక్ట్రాను ఒక్కటి, సీసమునకు 82. వీనిని ఒక్కసారి ఊడదీయుట సాధ్యము కాదు. ఫ్రాన్సులోని గ్రెనోబులులో రిషార్ గెల్లర్ 1970 దశకమున అభివృద్ధిచేసిన మూలములో, అయస్కాంతక్షేత్రమున సుడితిరుగు ఎలక్ట్రానులను సూక్ష్మతరంగములచే, వాని సుడికి సరిపోవు లయతో, ఊయలను ఊపినట్లు ఊపి శక్తిమంతములుగా చేయుదురు. జెనీవాలో సీసమును చిన్న కొలిమిలో ఆవిరిచేసి అట్టి మూలములోనికి పంపుదురు. అచ్చట 29 ఎలక్ట్రానులు ఊడును. ఆ అయానుకు కొంత వేగము నొసగి పలుచని పొరగుండా దూర్చినచో 54 వఱకు ఊడును. ఇంకను వేగము పెంచి మఱియొక పొర దాటించినచో 82ను ఊడి సీసకేంద్రకము మాత్రము మిగులును. ఈ విధమున సిద్ధమైన సీసకేంద్రకములను 2010లో మహాచక్రమున మొదటిసారి ఢీకొట్టించిరి.

ఇంతవఱకు చదివిన గృహిణి, దీనివలన మా యింటికి ఏమి ప్రయోజనమని అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. ప్రోటాను శరీరములో చొచ్చునప్పుడు దారిలో కొంచెము శక్తిని, ఆగిపోవుచోట అధికశక్తిని విడుచును. కావున లోతుననున్న పుట్టకురుపును కొట్టి, దాని వెనుకనున్న మంచి కండను కాపాడవచ్చునని రాబర్ట్ విల్సన్ 1946లో వ్రాసెను. 1954లో బర్క్‌లీలో మొదటి రోగులకు ఈ చికిత్స చేసిరి. 2019లో చెన్నపట్టణమున ఇట్టి చికిత్సాలయము వెలసెను. ఇట్టి చికిత్సకు వాడు సైక్లోట్రానులు పెక్కింటి నడుమ పెన్నింగు చూపిన మూలమే పనిచేయుచుండును. అందలి ఋణపలకలు అయానుల తాకిడికి అరిగిపోవుచుండును, వేళకు మార్చవలెను. మార్చుట మఱచినచో టన్నులకొలది ఇనుము, నిపుణులగు వైద్యులు, పెద్ద భవనము అన్నియు ఉండియు ఆనాడు రోగికి చికిత్స లేదు.

మనవారు పెద్దదానిని చూచి మ్రొక్కుదురు. చిన్నదానిని అడుగుటకు నామోషీపడుదురు. పాఠశాలకు భవనము కట్టించిన దాతపేరు శిలాఫలకమున చెక్కింతురు. అందు పరీక్షాశాలకు గాజునాళము, పంపు కొనుటకు పదిరూపాయలడిగినచో ముఖము తిప్పుకొందురు. పలక వెనుకవైపు ఏమున్నదోయని చూచిన ఒక్కని కుతూహలమునుండి ఈ విద్యయంతయు పుట్టినది. అట్టి కుతూహలము మన యిండ్లలో పుట్టకపోలేదు. దీపము వత్తి యేల మండునని, అద్దమునకు వెనుక నేమున్నదని అడుగు పిల్ల ప్రతి యింటను కలదు. "ఆడపిల్లకు ఇవన్నియు ఏల?" యని ఆమె నోరు మూయించుచున్నాము. మగపిల్లవానిని పరీక్షలో మార్కులకు పనికిరాదని మాన్పించుచున్నాము. ఇక తల్లిదండ్రులు ఆ ప్రశ్నకు సమాధానము తెలియకున్నను సరే, కలిసి వెదకుదమని చెప్పుదురు గాక. మన పాఠశాలలలో ఒక్కొక్కటికి ఒక పంపు, ఒక నాళము, వానిని విప్పి చూచుటకు పిల్లలకు స్వేచ్ఛ దొరకిననాడు, వేఱు దేశమునుండి వచ్చు ఓడకై ఎదురుచూడవలసిన అవసరము మనకు తగ్గును.